చచ్చిన గొర్రె కూరను బాగా ఉడికిస్తే తినవచ్చా?

దేవరకొండ నుంచి, గొర్రెల కాపరి కొడుకు:
ఈ పొద్దున మా మందలో ఒక గొర్రె మేస్తూ మేస్తూనే కూలి చచ్చిపోయింది. దొమ్మ రోగమేమో, కోయవద్దని నేనంటే మా పెద్దనాయన ఒప్పుకోవడం లేదు. చచ్చిన యాటను కోసి పోగులు వేసుకోవడం తాతల నాటి నుంచి ఉన్నదేననీ, గంటసేపు ఉడికిన కూరలో ఏ క్రిమీ బతకదనీ ఆయన వాదన. తెలిసినవారు చెప్పండి.

మిర్యాలగూడ నుంచి, పశువైద్య సిబ్బందిలో పనిచేసినవాడు:
తమ్ముడూ, మీ పెద్దనాయన మాటలో కొంత నిజముంది గాని, ఆ కొంతను నమ్ముకొని కూర వండుకోవడం ప్రమాదం. దొమ్మను, అంటే ఆంత్రాక్స్‌ను, కలిగించే క్రిమి పశువు ఒంట్లో ఉన్నంతవరకు వేడికి చచ్చేదే. కళేబరాన్ని కోసి గాలి తగలనిస్తే మాత్రం అది గట్టి పొర కప్పుకొని సిద్ధబీజంగా మారుతుంది. 1876లోనే జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ ఈ మార్పును కళ్లకు కట్టాడు. మామూలు ఉడుకుకు ఆ బీజాలన్నీ చస్తాయన్న భరోసా లేదు, మట్టిలోనైతే అవి దశాబ్దాలు బతుకుతాయి. కోయకుండా వదిలిన కళేబరంలో కుళ్లడం వల్లనే ఆ క్రిములు చాలావరకు నశిస్తాయి. అందుకే కత్తి పెట్టడమే వద్దంటున్నాను.

కోసేవాడి వేలికి చిన్న గాటు ఉన్నా చాలు, అక్కడ దురద పొక్కు లేచి, నొప్పి లేని నల్లని పెచ్చు కడుతుంది. తిన్నవారికి సాధారణంగా వారం లోపల జ్వరం, వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. కొందరికి గొంతులో పుండ్లు పడి, మెడ వాచి, ముద్ద దిగదు. మొదట్లో ఇది తిండి పడకపోవడంలాగే కనిపిస్తుంది కాబట్టి, దవాఖానలో చచ్చిన గొర్రె కూర తిన్నామని దాచకుండా చెప్పాలి. తొందరగా మందులు పడితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది, పడకపోతే సగం మందికి పైగా చనిపోతారు.

అచ్చంపేట నుంచి, ఒక కురుమ రైతు:
అన్నా, మీరు చెప్పింది సరే, కానీ వేల రూపాయల జీవాన్ని గుంతలో పూడ్చమంటే పేదవాడికి ఆ నష్టం ఎవరు కట్టిస్తారు? పోగులు వేస్తే సగమైనా చేతికొస్తుంది.

మిర్యాలగూడ నుంచి:
మీ బాధను నేను కాదనను. దొమ్మ అనుమానం ఉన్నచోట కోత పరీక్ష (పోస్ట్‌మార్టం) అడగకుండా, చెవి నుంచి తీసిన రక్తపు చుక్క పరీక్షను బట్టే పరిహారం ఇవ్వాలని నేనూ గట్టిగా అంటాను. ఆంత్రాక్స్ 2009 నాటి పశువ్యాధుల నియంత్రణ చట్టం జాబితాలో ఉన్న రోగం, అనుమానం రాగానే తెలియజేయడం యజమాని బాధ్యత. అయినా ఆ సగం డబ్బు కోసం పోగు కొన్న ఇంటి పిల్లలకు ఈ రోగం పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

దేవరకొండ తమ్ముడూ, ఆ గొర్రె ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతోందా, ఒళ్లు బిగుసుకోకుండా కడుపు మాత్రం ఉబ్బిందా చూడండి, చేతితో తాకవద్దు. కుక్కలు పీకకుండా కాపలా పెట్టి పశువుల దవాఖానకు ఫోన్ చేయండి, మిగిలిన మందను ఆ చోటు నుంచి ఇప్పుడే తోలండి.