బోధిసత్త్వుడు నిర్వాణాన్ని నిజంగా వాయిదా వేసుకుంటాడా?

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. ఆదుర్రులో మావాళ్లు దుబరాజు గుడి అని పిలుచుకునే బౌద్ధ స్తూపానికి బంధువుల పిల్లల్ని తీసుకెళ్తుంటాను. బండి చక్రంలా పేర్చిన ఆ ఇటుకలు చూడగానే ప్రశ్నలు మొదలెడతారు. జాతక కథల్లో బోధిసత్త్వుడంటే బుద్ధుడి పూర్వజన్మలే, అంతవరకు చెప్పగలను. బౌద్ధంలోని ప్రధాన శాఖల్లో థేరవాదంలో 10 పారమితలు (అంటే బోధిసత్త్వుడు పరిపూర్ణం చేసుకోవాల్సిన సుగుణాలు), మహాయానంలో 6 అనీ తెలుసు. చిక్కంతా మహాయానం దగ్గరే. అందరూ తరించేదాకా తన నిర్వాణాన్ని ఆపుకునేవాడే బోధిసత్త్వుడని చాలామంది అంటారు. కానీ సకల జీవుల కోసం బుద్ధుణ్ణి కావాలన్నదే కదా ఆయన ప్రతిజ్ఞ! బుద్ధుడైతేనే అందరికీ ఎక్కువ మేలు చేయగలడు కదా, మరి ఆగడం దేనికి? పిల్లలకు తప్పు చెప్పకూడదని నా తాపత్రయం. మహాయాన సూత్రాలు చదివినవాళ్లు, మహాయాన ఆచార్యుడు నాగార్జునుడి మాట తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి. తెలుగులో మంచి పుస్తకం ఉంటే పేరు కూడా చెప్పండి.