వేడెక్కాక బండి లాగకపోతే: ముందు పార్టు మార్చాలా, కొలత తీయాలా?

కావలి వాసి
2014 మోడల్ పెట్రోల్ కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఒంగోలులో బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది. సింగరాయకొండ వచ్చేసరికి పికప్ పోతుంది. 80 మీద వెళ్తున్నది యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 60కి పడిపోతుంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది, చెక్ లైట్ రాలేదు. ఆపి అరగంట టీ తాగి వస్తే మళ్లీ లాగుతుంది. ఇప్పటికే ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ ఒకటి మార్చారు, తొమ్మిది వేలయింది. ఇప్పుడు కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) లోపలి జాలీ పగలగొట్టి తీసేద్దామంటున్నారు. పిల్లలను కూర్చోబెట్టుకుని హైవే మీద లారీల మధ్య ఇలా అయితే చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కందుకూరు షెడ్డు
పెట్రోల్ పంపు మార్చండి. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చల్లగా ఉంటే తిరిగి, వేడెక్కాక నీరసించేది ట్యాంకులోని మోటారే. అంబాసిడర్ల కాలంలో రోహిణి కార్తె వచ్చిందంటే పెట్రోల్ పైపులోనే ఆవిరయ్యేది, పంపు మీద తడిగుడ్డ కప్పితే బండి కదిలేది. ఇప్పుడు పంపు ట్యాంకులో ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. మీరు ఎప్పుడూ రిజర్వులో తిప్పుతుంటే దానికి వేడి తగ్గే దారి లేదు.

నెల్లూరు, మూలాపేట
గురువు గారూ, మీ చేతి అనుభవాన్ని కాదనను. రిజర్వు మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇదే లక్షణం నాలుగైదు జబ్బులకు వస్తుంది. కాయిల్ లోపలి చుట్టు వేడికి లీకయితే మిస్సింగ్ వస్తుంది, అంటే ప్లగ్గు సరిగ్గా అంటించక పెట్రోల్ కాలదు. కన్వర్టర్ మూసుకుపోతే పొగ బయటికి పోక ఇంజిన్ ఊపిరాడక తన్నుకుంటుంది. గ్యాస్ బండ్లలో అయితే వాల్వు గ్యాపు తగ్గిపోయి, వేడికి వాల్వు సాగి, సరిగ్గా మూసుకోక కంప్రెషన్ పోతుంది. ఇక సెన్సర్లు ఉండనే ఉన్నాయి: చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువే పోస్తుంది, వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ మాట విని తగ్గిస్తుంది. ఆ సెన్సర్ తప్పు చెప్తే బండి అక్కడి నుంచే చెడుతుంది.

సింగరాయకొండ దగ్గర పుట్టే జబ్బును, బండి చల్లారాక షెడ్డులో వెతికితే ఏం దొరుకుతుంది? కొలత జబ్బు ఉన్నప్పుడే తీయాలి. ముందే పెట్రోల్ పైపులో టీ ఆకారపు జాయింటు పెట్టి ప్రెషర్ గేజి బిగించుకుని, చుక్క కూడా కారడం లేదని చూసుకుని బయల్దేరండి. ఇలాంటి బండ్లలో మామూలుగా 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ మోడల్‌కు ఎంతో సర్వీస్ పుస్తకంలో చూడండి. పవర్ పోయినప్పుడు పక్కన ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే రేస్ చేసి చూడండి. ప్రెషర్ పడితే పెట్రోల్ వైపు తప్పు. పడకపోతే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్‌కు వాక్యూమ్ గేజి పెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోండి. ముల్లు మెల్లగా దిగుతూ ఉంటే కన్వర్టర్‌ను అనుమానించాలి.

కన్వర్టర్‌ను మాత్రం పగలగొట్టనివ్వకండి. అది ఊరికే మూసుకుపోదు. కాలని పెట్రోల్ అందులోకి వెళ్లి కాలితే లోపలి జాలీ కరుగుతుంది. ఆ మిస్సింగ్ ఆపకుండా జాలీ తీసేస్తే జబ్బు అలాగే ఉంటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా ఇబ్బందే.

కందుకూరు షెడ్డు
ఇవన్నీ నాకూ తెలుసు అబ్బాయ్. రెండు గంటలు కొలిచి 'నాలుగు వందలివ్వండి' అంటే ఏమీ మార్చలేదు కదా అంటారు. పార్టు మారిస్తే మాట్లాడకుండా ఇస్తారు. చిన్న షెడ్డు ఎలా బతకాలి?

నెల్లూరు, మూలాపేట
అది న్యాయమైన మాట. కొలతకు డబ్బులివ్వాలి. ఇవ్వకపోవడం వల్లే కదా ఈయనకు తొమ్మిది వేలు పోయింది!

కావలి వాసి
ఏడు వందలిచ్చి ఒకాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాను. బయల్దేరినప్పుడు ప్రెషర్ 3.5, టంగుటూరు దాటాక 2.1. పంపు ఆర్డర్ పెడదామనుకుంటుండగా ఆయన వెనక సీటు ఎత్తి పంపు కనెక్టర్ దగ్గర వోల్టు మీటరు పెట్టారు. బ్యాటరీ దగ్గర 13.9 ఉంటే అక్కడ 10.2. ఎర్త్ పిన్ను నల్లగా మాడి ఉంది, ముట్టుకుంటే చెయ్యి కాలింది. కొత్త పంపు వేసినా దానికీ కరెంటు అందేది కాదు.

కందుకూరు షెడ్డు
పెట్రోల్ వైపే అన్నాను, అక్కడి దాకా సరిపోయింది. పంపు అన్నది తప్పు, ఒప్పుకుంటాను. ఉప్పుకాగితంతో రుద్ది వదిలేయకండి, ఆ పిన్ను కోసేసి కొత్తది వేయించండి. తక్కువ కరెంటు మీద ఇన్నాళ్లు తిరిగిన పంపు అది, మళ్లీ ప్రెషర్ చూడకుండా దూరం వెళ్లొద్దు. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి.

కావలి వాసి
ఇవాళ పిన్ను మార్చారు. ఆదివారం గేజి పెట్టుకునే ఒంగోలు నుంచి కావలి దాకా ఒక్కడినే వెళ్లి, అంకెలు ఇక్కడ పెడతాను.