సమస్య: చెరిగిపోయినపుడె చిత్రమయ్యె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడూ మీరు పూరించాలి. ఇసుకలోనో బురదలోనో చేసి అక్కడే వదిలేసే బొమ్మలు, వాటి ఫొటోలు విషయం. చెరిగితే చిత్రమెలా అవుతుందన్నదే ముడి. చెరిగాక ఫొటో మిగిలిందంటే అది వీడదు. చెరుగుతున్నప్పుడే చిత్రం కావాలి.

అంతర్వేది నుంచి:
ఇసుక మీద గీసి రింతులు ముగ్గులు
పోటు వచ్చి యలలు పూలు మోసె
గీత లన్ని కలిసి కెమెరాకు చిక్కగ
చెరిగిపోయినపుడె చిత్రమయ్యె

నిర్వాహకుడు: గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నిలబడి రాసినట్టుంది. కానీ ముగ్గు గీస్తే పూలెక్కడివండీ? “ఇసుక మీద పూల నింతులు పరచిరి” అనండి. అప్పుడు మూడో పాదంలో గీతలు అల లాగిన పూల చారలవుతాయి. ఇంతులు యతి కోసమే, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరడానికే, వచ్చారని తెలుస్తూనే ఉంది, ఉండనిద్దాం.

యానాం నుంచి:
మడల నీడ లోన మట్టిపై పీతలు
వేసె చుక్క లెన్నొ విడువకుండ
పోటు కొరకు వేచి ఫొటో తీసితి నేను
చెరిగిపోయినపుడె చిత్రమయ్యె

నిర్వాహకుడు: “ఫొటో” లగం, అంటే లఘువు తర్వాత గురువు. ఇక్కడ రావాల్సింది ఇంద్రగణం, అది లగంతో మొదలవదు. “ఫోటోలు తీయగా” అంటే త, ర గణాలు, రెండూ ఇంద్రగణాలే, సరిపోతాయి.

అమలాపురం నుంచి: గణాల సంగతి సరే, ఇందులో మీ బొమ్మేదీ? తిండి ఏరుకుని పీతలు వదిలిన ఉండలేగా!

యానాం నుంచి: గణం దిద్దుకున్నాను. బొమ్మ పీతలదే, ఒప్పుకుంటా. వేళ చూసుకోవడం మాత్రం నా పనే. పోటు రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇవాళ పొద్దువాలే వెలుగులో ఒక్కో ఉండకీ నీడ పడిందని వారం పోయాక అదే టైముకి వెళ్తే నీళ్లూ ఆ వెలుగూ కలవవు.

రాజోలు నుంచి: బ్రిటన్ కళాకారుడు ఆండీ గోల్డ్స్‌వర్తీ వాన మొదలవగానే నేల మీద పడుకుంటాడు. చుట్టూ తడిశాక లేచి, కింద మిగిలిన పొడి ఆకారాన్ని ఫొటో తీస్తాడు. మా వాకిట్లో నేనూ చేశాను:
వాన చినుకు లందు వాకిట పడుకొని
మేను మేర పొడిగ మిగిలె నేల
చినుకు పడగ మరల సెల్ఫోను నొక్కగా
చెరిగిపోయినపుడె చిత్రమయ్యె

నిర్వాహకుడు: ముడి వీడింది ఇక్కడే. చినుకు చినుకుకీ మనిషి కరిగిపోతుంటే అదే బొమ్మ. చి–సె యతి కూడా చెల్లింది. “లేచి” అన్న మాట ఎక్కడా లేకపోవడం చిన్న లోటు.

అమలాపురం నుంచి: మరి ఫోను తడవలేదా?

రాజోలు నుంచి: అక్క గొడుగు పట్టింది. ఫోనుకే, నాకు కాదు.