"అరే ఓ సాంబా, కిత్నే ఆద్మీ థే" – ఇది అసలు షోలేలో ఉందా?

పాత_క్యాసెట్:
శుక్రవారం ఆఫీసులో సినిమా క్విజ్ పెట్టారు. షోలేలో బందిపోటు గబ్బర్ తన మనుషుల్లో "కిత్నే ఆద్మీ థే" (ఎంతమంది ఉన్నారు) అని ఎవర్ని అడుగుతాడు అంటే నేను కాలియా అన్నా. క్విజ్ పెట్టినాయన నవ్వేసి సాంబా అని చెప్పి పక్క టీమ్‌కి పాయింట్ ఇచ్చేశాడు, ఒక్కడంటే ఒక్కడు నా వైపు మాట్లాడలా. ఇంటికొచ్చి సీన్ పెట్టుకుని చూశా. "సర్దార్, దో ఆద్మీ థే" అని నసుగుతూ జవాబు చెప్పేది కాలియానే. సాంబా పైన బండ మీద తుపాకి పట్టుకుని కూర్చునుంటాడు, అతన్ని అడిగేది ఆ తర్వాత, సర్కారు నా తల మీద ఎంత ఇనాం పెట్టింది అని. "పూరే పచాస్ హజార్" అంటాడు, అంతే. రెండు ప్రశ్నల్నీ అతికించి ఒకటి చేసేశారు జనం. తప్పు తప్పే కదా?

నేలటికెట్:
1975 సినిమా బ్రో, ఇన్నేళ్ళు జనం నోట్లో నలిగాక ఇంకా తప్పేంటి. ఉత్తినే "కిత్నే ఆద్మీ థే" అంటే పెళ్ళికి ఎంతమందొచ్చారని అడిగినట్టుంటది, ముందు సాంబా తగిలిస్తేనే గబ్బర్ అని తెలుస్తది. ఘటోత్కచుడే అన్నాడుగా, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని. జనం పుట్టించారు, వేసెయ్ వీరతాడు.

బాల్కనీ_బాబాయ్:
ఆ మాయాబజార్ డైలాగ్ కూడా ఒకడు పుట్టించకపోతే అంటాడు, ఒకడు పుట్టించకుండా అంటాడు 😂 అక్కడ అర్థం మారదు కాబట్టి పర్లేదు. కానీ అన్నిచోట్లా అట్లా కుదరదు. 1980 స్టార్ వార్స్ సినిమా చూడు, అందరూ "ల్యూక్, ఐ యామ్ యువర్ ఫాదర్" అంటారు, సినిమాలో ఉన్నది "నో, ఐ యామ్ యువర్ ఫాదర్". మా నాన్నని చంపింది నువ్వే అని కుర్రాడు ల్యూక్ మీదకొస్తే, కాదురా నేనే నీ తండ్రిని అంటాడు విలన్. ఆ "నో" తీసేసి పేరు పెడితే దెబ్బ ఎక్కడుంది, స్కూల్ అప్లికేషన్‌లో తండ్రి పేరు రాసినట్టుంది.

గల్లీ_క్రిటిక్:
షోలేల గంత ఖరాబ్ ఏం కాలే అన్నా. ఒకటి "కిత్నే", ఇంకోటి ఇనాం గురించి అడిగే "కిత్నా", రెండూ ఒకటే సీన్ల నిమిషాల తేడాతోని వస్తయ్, నాలుక కలిపేసింది. పైగా మనకు 2012ల గబ్బర్ సింగ్ వచ్చె, అండ్ల "అరే ఓ సాంబా, రాస్కోరా" అని హీరో సాంబా వేషమేసిన అలీకి చెప్తుంటడు. మనోళ్ళకు ఏదున్నా సాంబాకే చెప్పాలె, కాలియా యాదికొస్తడా?

బాల్కనీ_బాబాయ్:
అదే కదా నా బాధ. భయంతో వణికి చచ్చింది కాలియా, పేరేమో బండెక్కి కూర్చున్నోడికి.

నేలటికెట్:
సరే సినిమాలో లేదు, ఒప్పుకున్నా. క్విజ్‌లో అయితే కాలియానే కరెక్ట్. ఫ్రెండ్స్‌తో కూర్చున్నప్పుడు మాత్రం నేను సాంబా అనే అంటా, మధ్యలో ఆపి కరెక్ట్ చేసేవాడంటే నాకు మంట.

పాత_క్యాసెట్:
అప్‌డేట్. సీన్ వీడియో ఆఫీస్ గ్రూపులో పెట్టా. పాయింట్ ఇవ్వలేదు, అది పక్క టీమ్‌కి వెళ్ళిపోయింది అన్నారు. నా పేరు మాత్రం కాలియా అయిపోయింది, ఇవాళ పొద్దున్నే మా లీడ్ నా మీద ఇంకో టికెట్ పడేసి "అబ్ గోలీ ఖా" అన్నాడు. గబ్బర్ కాలియాని కాల్చేముందు అనే ఈ మాట మాత్రం పొల్లుపోకుండా కరెక్ట్‌గా చెప్పాడు.