ఫత్వా ‘జారీ’ అవుతుందా?

ప్రశ్న (పత్రిక డెస్క్ నుంచి):
నిన్న రాత్రి మా డెస్క్‌లో చిన్న గొడవ. ఎక్కడో కులపెద్దలు ఆడపిల్లలు సెల్‌ఫోన్ పట్టుకోకూడదని, కాదంటే జరిమానా అని తీర్మానించారట. మావాడొకడు “కులపెద్దల ఫత్వా” అని హెడ్డింగ్ పెట్టాడు. నేను కొట్టేసి “హుకుం” అని రాశాను. ఇన్‌ఛార్జి మళ్లీ ఫత్వాయే పెట్టించారు, పంచ్ ఉంటుందని. ఆ మాట ఇలా వాడొచ్చా? అసలు తెలుగులో దానికి ఇప్పుడున్న అర్థం ఏమిటి, ఎలా వచ్చింది?

కర్నూలు సభ్యుడు:
హుకుం అన్న మీరే కరెక్ట్ సార్. మా ఇళ్లలో ఫత్వా ‘అడుగుతారు’, ముఫ్తీ, అంటే మతధర్మం చెప్పే పండితుడు, ‘ఇస్తారు’. ఎవరూ అడక్కుండా ఫత్వా పుట్టదు. అడగడాన్ని ఇస్తిఫ్తా అంటారు, అడిగేవాణ్ని ముస్తఫ్తీ అంటారు. ఖురాన్‌లో సబా రాణి తన దర్బారు పెద్దలతో “నా విషయంలో మీ సలహా చెప్పండి” అంటుంది. అక్కడి క్రియకీ ఫత్వాకీ ధాతువు ఒకటే. యూసుఫ్ కథలో ఈజిప్టు రాజు “నా కలకి అర్థం చెప్పండి” అన్నప్పుడూ అదే క్రియ.

ఫత్వా కాగితం చూడనివాళ్ల కోసం చెబుతున్నా. ఉర్దూలో పాతకాలపు ఎత్తుగడ ఒకటుంది: “క్యా ఫర్మాతే హైఁ ఉలమా-ఎ-దీన్ ఇస్ మస్‌అలే మేఁ...” అంటే “ఈ సమస్యలో మతపండితులు ఏమని సెలవిస్తారు?” అని. ఆ తరవాత సమస్య. అందులో మనుషుల అసలు పేర్లుండవు. లెక్కల పుస్తకంలో రాముడూ సోముడూ ఉన్నట్టు జైద్, బకర్, హిందా ఉంటారు. “జైద్ చనిపోయాడు, భార్య హిందా, ఇద్దరు కూతుళ్లు, ఒక తమ్ముడు ఉన్నారు, ఆస్తి ఎలా పంచాలి?” ఇలా. కింద “అల్‌జవాబ్” అని మొదలుపెట్టి సమాధానం. చివర “వల్లాహు ఆలమ్”, అంటే అసలు సంగతి అల్లాకే బాగా తెలుసు అని. ఆ కింద సంతకం, ముద్ర. పక్కన ఇంకో ముఫ్తీ “అల్‌జవాబ్ సహీహ్” అని, జవాబు సరైనదే అని సంతకం పెడతాడు. నూటికి తొంభై వారసత్వం, తలాఖ్, నమాజు, బ్యాంకు వడ్డీ, తిండి గురించే.

తిండి అంటే గుర్తొచ్చింది. 2018 జనవరిలో హైదరాబాద్‌లోని జామియా నిజామియా మదర్సా నుంచి రొయ్యల మీద ఫత్వా వచ్చింది. రొయ్య చేప కాదు కాబట్టి తినకూడదని. ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో నీళ్లలో జీవుల్లో చేప మాత్రమే హలాల్, అంటే తినదగ్గది. ఇంకో శాఖ అయిన షాఫీ పద్ధతివాళ్లకి ఆ పట్టింపు లేదు. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ మూలాల కుటుంబాలు ఎక్కువగా షాఫీలే, వాళ్లు హాయిగా తినొచ్చు. ఒకే ఊళ్లో ఒకే రొయ్యకి రెండు జవాబులు! ఫత్వా తరవాత కూడా రొయ్యల బిర్యానీ హైదరాబాద్ హోటళ్ల మెనూలోంచి పోలేదు, ఎవరినీ ఎవరూ కొట్టనూ లేదు.

మాస్టారు (రిటైర్డ్ తెలుగు పండితుడు):
ఇందులో క్రియ చేసిన అల్లరి చూడండి. తెలుగులో ‘జారీ’ అయ్యేవి వారెంట్లు, ఉత్తర్వులు, నోటీసులు. ఉర్దూలోనూ ఫత్వా జారీ అంటారు, కానీ అక్కడ జారీకి ‘వెలువడటం’ అన్న విశాలమైన అర్థం ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది సర్కారీ మాట అయిపోయింది. ‘ఫత్వా జారీ’ అనగానే చదివేవాడి చెవిలో పోలీసు బూటు చప్పుడు వినబడుతుంది. ‘ఫత్వా ఇచ్చారు’ అంటే అంత భయం లేదు.

ఇలా మారిన మాటలు మనకి కొత్తేం కాదు. సవాలు చూడండి. అరబ్బీలో అది వట్టి ప్రశ్న. మనం దాన్ని తొడగొట్టే మాట చేసేశాం. జవాబు మాత్రం జవాబుగానే మిగిలింది. ఫర్మానా కూడా అంతే, ఆ కాగితం మొదట్లో ఉన్న ‘ఫర్మాతే’ దాని చుట్టమే. ఉర్దూ మర్యాదలో ‘సెలవివ్వడం’, తెలుగులో రాజాజ్ఞ.

ఫత్వాకి మనవైపు దగ్గరి మాట ఒకటుంది: ధర్మసందేహం. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు ధర్మసందేహాలు చెబుతుంటే ఇళ్లలో పని ఆపి వినేవారు. శ్రోత ఉత్తరం రాస్తాడు, ఆయన చెబుతారు. పాటిస్తే పాటిస్తాడు, లేకపోతే లేదు.

లాయరు సభ్యురాలు (గుంటూరు):
మాస్టారూ, వివరణ బాగుంది కానీ నాకో అభ్యంతరం ఉంది. ‘ఫత్వా అంటే అభిప్రాయమేనండీ’ అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నిఘంటువు తీసి చూపిస్తారు. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ అధినేత ఖొమేనీ పేరుతో టెహ్రాన్ రేడియో చదివింది అభిప్రాయమా? రచయిత సల్మాన్ రష్దీకీ, విషయం తెలిసి ఆయన నవల ‘ది సెటానిక్ వర్సెస్’ ప్రచురించినవాళ్లకీ మరణశిక్ష అన్నారు. ఆ వెంటే ఇరాన్‌లో ఒక సంస్థ తలకి వెల కట్టింది. మన గ్రూపులో అనువాదకులు చాలామంది ఉన్నారు, అందుకే ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నా. ఆ నవల జపనీస్ అనువాదకుడు హితోషి ఇగరాషిని 1991 జూలైలో ఆయన పాఠాలు చెప్పే త్సుకుబా యూనివర్సిటీలోనే పొడిచి చంపారు. అదే నెలలో ఇటాలియన్ అనువాదకుణ్ని మిలాన్‌లో పొడిచారు, ఆయన బతికారు. 1993లో నార్వే ప్రచురణకర్త మీద కాల్పులు జరిగాయి. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలో వేదిక మీద రష్దీని పొడిచి ఒక కన్ను పోగొట్టినవాడికి 24 ఏళ్లు. ఖొమేనీ ప్రకటన నాటికి వాడు పుట్టనే లేదు. ఆ నవల ఒకటి రెండు పేజీలు చదివానని వాడే ఓ పత్రికకి చెప్పాడు. ధాతువులూ ప్రత్యయాలూ వాడికెవరు చెప్పాలి?

కర్నూలు సభ్యుడు:
మేడమ్, నిఘంటువు చాటున దాక్కోవడం నాకూ ఇష్టం లేదు. నేను అడిగేది ఒక్కటే, ఆ ప్రకటనలో ప్రశ్న ఎక్కడుంది? అడిగిందెవరు? ‘ప్రపంచ ముస్లింలకు తెలియజేస్తున్నాను’ అన్న ధోరణిలో మొదలై శిక్షతో ముగుస్తుంది. ఎదుటిమనిషిని పిలిచి ఏమంటావని అడిగిందీ లేదు. అది ఫత్వా కాదు, హుక్మ్ (ఆజ్ఞ, మన హుకుమే) అని తరవాత మతపండితుల్లోనే వాదన నడిచింది. అదే మార్చిలో రియాద్‌లో ముస్లిం దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం రష్దీని మతభ్రష్టుడంది, కానీ చంపమన్న పిలుపుని బలపరచలేదు. మతభ్రష్టుడనడం కూడా నాకు తప్పుగానే కనిపిస్తుంది, అది వేరే విషయం. ఒక దేశాధినేత రేడియోలో చెప్పేదానికి హుకుం అనే పేరే సరిపోతుంది. దాన్ని ఫత్వా అనడంతో రాజకీయానికి మతం బురఖా వేసినట్టయింది. ఇరాన్ ప్రభుత్వానికి కావలసింది అదే.

కోరల్లేని ఫత్వాలు ఎన్నో ఉన్నాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌ని కాఫిర్ (అవిశ్వాసి) అంటూ మక్కా నుంచి కూడా ఫత్వాలు తెప్పించారు. ఆయన అలీగఢ్‌లో కాలేజీ పెట్టే పని ఆపలేదు. ఇప్పుడు అదే యూనివర్సిటీ. పైగా తెల్లవాళ్లు ఫత్వానే నిషేధించిన రోజులున్నాయి. సహాయ నిరాకరణని సమర్థిస్తూ 1920లో జమియత్ ఉలమా అనే సంఘం పండితులు వందలమంది సంతకాలు చేసిన ఫత్వాని సర్కారు జప్తు చేసింది. 1921లో ముస్లింలు బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం హరామ్ (నిషిద్ధం) అన్న తీర్మానానికి ఖిలాఫత్ నాయకులు అలీ సోదరుల మీద కరాచీలో కేసు నడిపి రెండేళ్లు జైల్లో పెట్టారు. ఆ బోనులో వాళ్ల పక్కనే శారదా పీఠం శంకరాచార్యులు కూడా ముద్దాయి. ఆయన్ని మాత్రం వదిలేశారు. అప్పుడు భావస్వేచ్ఛ అడిగింది ఫత్వా ఇచ్చినవాళ్లే. ఇప్పుడు వాళ్ల వారసులు కొందరికి ఆ సంగతి గుర్తులేదు.

మాస్టారు:
శంకరాచార్యుల పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. తెలుగులో ఇదే దారి పట్టిన మాట శ్రీముఖం. పీఠాధిపతి పంపే ఉత్తరం అది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, దానికి వెళ్లినవాళ్లని వెలివేస్తూ శ్రీముఖం వచ్చింది. ఇళ్లలోకి రానివ్వలేదు, శ్రాద్ధాలకి బ్రాహ్మణులు దొరకలేదు. ఆ పవిత్రమైన పదం ఇప్పుడు ఎలా ఉందో చూడండి. ‘ఉద్యోగులకి శ్రీముఖాలు అందాయి’ అంటే తాఖీదులని అర్థం, కొంచెం వెటకారంగా. జనం ఒక మాటకి భయపడటం మానేశాక దాన్ని ఇలా వాడుకుంటారు. ఫత్వాకి ఇంకా ఆ స్థితి రాలేదు.

లాయరు సభ్యురాలు:
“అడిగిందెవరు?” అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు కూడా వేసింది. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో 2005లో మామ చేతిలో అత్యాచారానికి గురైన ఒక ఇల్లాలికి, ఇక నీ భర్తతో నీ పెళ్లి చెల్లదు అని దేవ్‌బంద్ మదర్సా నుంచి ఫత్వా వచ్చింది. ఆమె అడగలేదు. ఆమె భర్త అడగలేదు. అడిగింది ఒక జర్నలిస్టు! (డెస్క్ వారూ, ఇది మీకోసమే.) మామకి తరవాత పదేళ్ల శిక్ష పడింది. ఇలాంటివాటి మీద వేసిన విశ్వలోచన్ మదన్ కేసులో 2014 జూలై 7న తీర్పు వచ్చింది. ఫత్వాకి చట్టబలం లేదు, ఎవరి మీదా రుద్దకూడదు, ఒక వ్యక్తి హక్కులకి సంబంధించిన విషయంలో ఆ వ్యక్తి గానీ, నేరుగా సంబంధం ఉన్నవాళ్లు గానీ అడక్కుండా ఇవ్వకూడదు అని. అడిగేవాళ్లు అడగడాన్నీ, చెప్పేవాళ్లు చెప్పడాన్నీ నిషేధించలేదు. బంగ్లాదేశ్‌లో 2001లో హైకోర్టు మొత్తం ఫత్వాలనే చట్టవిరుద్ధం అంది. 2011లో పైకోర్టు దాన్ని సవరించి, ఇచ్చుకోవచ్చు గానీ దాని పేరుతో శిక్ష వేయకూడదంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది.

కానీ కర్నూలు భాయ్, మీ పరీక్షలో ఒక చిల్లు ఉంది. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. అదేం సభ? ఆమె నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. మన భాషలోకి వచ్చిన పుస్తకం కోసం వచ్చిన అతిథి మీద మజ్లిస్ ఎమ్మెల్యేలూ కార్యకర్తలూ చేతికందినవి విసిరారు. అక్కడ ఎవరూ ముఫ్తీ సంతకం ఉన్న కాగితం చూపించలేదు. ఫత్వా లేకపోయినా పని జరిగిపోయింది. మాట సరిగ్గా వాడినంతమాత్రాన రచయితకి రక్షణ వస్తుందా?

కర్నూలు సభ్యుడు:
రాదు మేడమ్. ఆ దాడికి నేను పెట్టే పేరు గూండాయిజం, అంతే. ఎమ్మెల్యే చేశాడు కాబట్టి ఇంకా పెద్ద తప్పు. కానీ మాట సరిగ్గా వాడితే ఒక లాభముంది. దాడి చేసినవాణ్ని ‘మతం చెప్పింది, చేశాను’ అననివ్వం. ఎవరు చెప్పారు, ఎవరు అడిగారు, కాగితం ఏది అని నిలదీయొచ్చు. ఆ నిలదీత మావాళ్ల లోపలినుంచి రావాలి, బయటివాళ్లు అడిగితే విననట్టే నటిస్తారు. 2008 నవంబరులో ఇదే హైదరాబాద్‌లో జమియత్ సభలో వేలమంది ఉలమాలు టెర్రరిజం హరామ్ అన్న ఫత్వాని బలపరిచారు. రచయితని చంపడం హరామ్ అని అలాంటిదే ఒకటి ఎవరైనా అడిగి తీసుకుంటే బాగుండునని నాకుంది. ప్రశ్న నేనే రాస్తాను: “జైద్ ఒక నవల రాశాడు. బకర్ దాన్ని చదవకుండానే కత్తి పట్టుకున్నాడు...”

డెస్క్ సభ్యుడు:
మరి హెడ్డింగ్ ఏం పెట్టమంటారు?

మాస్టారు:
కులపెద్దలు అడక్కుండా చెప్పారు, కాదంటే జరిమానా అన్నారు. హుకుం. లేదంటే తాఖీదు. పంచ్ తక్కువైతే ఇన్‌ఛార్జి గారిని ఇక్కడికి పంపండి.

లాయరు సభ్యురాలు:
హుకుం అంటే గుర్తొచ్చింది, రష్దీ నవల దిగుమతిని మన కేంద్ర ప్రభుత్వం ఆపింది ఖొమేనీ తరవాత కాదు, నాలుగు నెలల ముందే, 1988 అక్టోబరు 5న, కస్టమ్స్ చట్టం కింద. అడిగింది కొందరు ఎంపీలు. ఢిల్లీ హైకోర్టులో ఒక పాఠకుడు దాన్ని సవాలు చేస్తే (మాస్టారూ, మీ సవాలే!) ఆ నోటిఫికేషన్ కాపీ ఏ అధికారీ తేలేకపోయాడు. 2024 నవంబరులో కోర్టు, ఇక అది లేదనే అనుకోవాలి అని కేసు మూసేసింది. ముఫ్తీల దగ్గర కనీసం రిజిస్టరు ఉంటుంది.