ఒకే నెట్‌వర్క్‌లో రెండు డొమైన్లు, పక్క సర్వర్‌కి మెయిల్ పోవట్లేదు

క్యాంపస్_అడ్మిన్ (రాత్రి 10:40)
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం మూడింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇక నా వల్ల కావట్లేదు. ఒకే కాంపౌండ్‌లో మాకు రెండు కాలేజీలు. డిగ్రీకి ఒక డొమైన్, ఫార్మసీకి ఇంకో డొమైన్. సర్వర్లు కూడా వేర్వేరు, రెండింట్లోనూ మెయిల్ నడిపేది పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేరే. డిగ్రీ నుంచి జీమెయిల్‌కి వెళ్తోంది, జీమెయిల్ నుంచి డిగ్రీకి వస్తోంది. డిగ్రీ నుంచి ఫార్మసీకి మాత్రం పోదు. రెండు సర్వర్లూ ఒకే గదిలో, ఒకే స్విచ్‌కి ఉన్నాయి. పక్క మెషీన్ పలుకుతోందా అని పింగ్ కొడితే బ్రహ్మాండంగా వస్తోంది! రేపు పదింటికల్లా పరీక్షల విభాగం నుంచి ఫార్మసీకి హాల్‌టికెట్ల లిస్టు వెళ్లాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గోదారిగట్టు
లాగ్ పెట్టండి.

రావిచెట్టు
ముందు మీ ఎస్‌పీఎఫ్, డీకిమ్ సంగతి, అంటే మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించేవాటి సంగతి చూసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నిబంధనలు గట్టిగా అమలవుతున్నాయి. ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్‌గానీ డీకిమ్‌గానీ ఉండి తీరాలి. రోజుకి 5,000 మెయిళ్లు దాటి జీమెయిల్‌కి పంపేవాళ్లకి ఆ రెండూ, వాటితో పాటు అవి ఫెయిలైతే ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ కూడా తప్పనిసరి. మన దగ్గర చాలా కాలేజీలు దీన్ని పట్టించుకోవు. ఫీజు నోటీసులు స్పామ్‌లో పడ్డాక పరిగెడతారు. నేను చూసిన చోటల్లా ఇదే కథ.

క్యాంపస్_అడ్మిన్
సార్, ఎస్‌పీఎఫ్ ఉంది. జీమెయిల్‌తో నాకు సమస్యే లేదు, పక్క సర్వర్‌తోనే.
గోదారిగట్టు గారూ, సాయంత్రం దాకా లాగ్‌లో కనెక్షన్ టైమ్‌డ్ ఔట్ అని వచ్చేది. ఇప్పుడు 550, యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్, అంటే ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరు అంటోంది. ఆ యూజర్ ఫార్మసీ సర్వర్‌లో ఉన్నాడు, నేనే పెట్టాను!

గోదారిగట్టు
మధ్యలో ఏం మార్చారు?

క్యాంపస్_అడ్మిన్
పెద్దగా ఏమీ లేదు. ఏ పేరుకి ఏ ఐపీయో రాసుకునే హోస్ట్స్ ఫైల్‌లో ఫార్మసీ సర్వర్ పేరు, లోపలి ఐపీ 192.168.1.20 రాశాను. తర్వాత ఒక వీడియోలో చెప్పారని డిగ్రీ సర్వర్‌లో మైడెస్టినేషన్ సెట్టింగ్‌లో ఫార్మసీ డొమైన్ కూడా చేర్చాను. అంతే.

గోదారిగట్టు
అదే కారణం. తీసేయండి.

తంతితపాలా
నిదానంగా చెప్తాను. మైడెస్టినేషన్ అంటే "ఈ డొమైన్ ఉత్తరాల బట్వాడా నాదే" అని సర్వర్ ఒప్పుకోవడం. మీరు ఫార్మసీని అక్కడ చేర్చగానే డిగ్రీ సర్వర్ ఆ ఉత్తరాన్ని తనదే అనుకుని తీసుకుంది, తన దగ్గరున్న పేర్లలో వెతికింది, అలాంటి మనిషి లేడని తిప్పి పంపేసింది. ఉత్తరం గది దాటలేదు, అసలు ఆ మెషీనే దాటలేదు. మీరు ఫార్మసీ సర్వర్‌లో ఎంతమంది యూజర్లను పెట్టినా లాభం లేదు.
హోస్ట్స్ ఫైల్ సంగతి కూడా చాలామంది పొరబడే విషయమే. పింగ్ ఆ ఫైల్ చూస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ పంపేటప్పుడు మామూలుగా చూడదు, డొమైన్ పేర్ల చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు, అంటే ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు అడుగుతుంది. అందుకే పింగ్ సరిగ్గా ఉండి మెయిల్ ఆగిపోయింది.
ఇంతకీ మీకు పబ్లిక్ ఐపీలు ఎన్ని?

క్యాంపస్_అడ్మిన్
ఒకటే అండి. ఒకే నెట్‌వర్క్ అన్నానుగా. రెండు డొమైన్ల ఎంఎక్స్ దానికే ఉంటుంది. రౌటర్‌లో 25వ పోర్టు డిగ్రీ సర్వర్‌కి, అంటే 192.168.1.10కి ఇచ్చాను. ఫార్మసీ మెయిల్ నిన్నటి దాకా బయట హోస్టింగ్‌లో ఉండేది, నిన్న రాత్రే ఇక్కడికి తెచ్చాం.

తంతితపాలా
ఇది మొదటి పోస్టులోనే రావాల్సింది. మీ మొదటి టైమ్‌డ్ ఔట్ కారణం ఇక్కడే ఉంది. డిగ్రీ సర్వర్ ఫార్మసీ ఎంఎక్స్ అడిగితే మీ పబ్లిక్ ఐపీయే వచ్చింది. లోపలి నుంచి బయటి గుమ్మానికి వెళ్లి మళ్లీ లోపలికి రావాలని చూసింది. చాలా రౌటర్లు అలా రానివ్వవు. రానిచ్చినా పోర్టు డిగ్రీకే ఉంది కాబట్టి తన దగ్గరికే తిరిగి వచ్చేది. పైగా ఈ రోజంతా జీమెయిల్ నుంచి ఫార్మసీకి వచ్చినవి కూడా డిగ్రీ దగ్గరే రిలే యాక్సెస్ డినైడ్, అంటే వేరే డొమైన్ మెయిల్ నేను మోయను అని వెనక్కి పోయి ఉంటాయి, చూసుకోండి.

నీలిదీపం
ఇంత చర్చ ఎందుకు, డిగ్రీలో ఫార్మసీకి ఫార్వర్డింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

తంతితపాలా
ఫార్వర్డింగ్ కాదండి, రిలే. ఫార్వర్డింగ్ అంటే చిరునామా మార్చి ఇంకొకరికి పంపడం. రిలే అంటే చిరునామా ముట్టుకోకుండా తర్వాతి సర్వర్‌కి అందించడం. రౌటర్‌లో చేసే పోర్ట్ ఫార్వర్డింగ్ ఇంకోటి. కొత్తవాళ్లు ఈ మూడూ కలిపేసుకునే రోజులకి రోజులు పోగొట్టుకుంటున్నారు.

నీలిదీపం
పనయ్యాక ఏ పేరైతే ఏంటి? పేరు సంగతి పక్కన పెడితే, శుభ్రమైన దారి లోపల సొంత డీఎన్‌ఎస్. లోపల అడిగితే ఫార్మసీ ఎంఎక్స్‌కి 1.20 అని చెప్పేలా. రేపు మూడో కాలేజీ వచ్చినా ఒక రికార్డు చేరిస్తే చాలు.

తంతితపాలా
ఆ దారీ పనిచేస్తుంది, కాదనను. కానీ అలా చేసినా డిగ్రీ సర్వర్‌లో ఏ డొమైన్ల మెయిల్ అందించాలో రాసే రిలే డొమైన్స్‌లో ఫార్మసీ ఉండాల్సిందే, అప్పుడూ అది రిలేయే. ఉన్నవి రెండు సర్వర్లు, ఆయనకి పొద్దున పదింటికి పని. ఇప్పుడు డీఎన్‌ఎస్ పెట్టమంటే ఎలా?

క్యాంపస్_అడ్మిన్
నాకు పదింటికల్లా పోతే చాలండి. ఏం చెయ్యాలో వరసగా చెప్పండి.

తంతితపాలా
డిగ్రీ సర్వర్‌లో మైడెస్టినేషన్ నుంచి ఫార్మసీ డొమైన్ తీసేసి రిలే డొమైన్స్‌లో పెట్టండి. ఒకే డొమైన్ రెండు చోట్లా ఉండకూడదు. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్ మెయిన్ డాట్ సీఎఫ్‌లో ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్స్‌కి, ఏ డొమైన్ మెయిల్ ఎటు పోవాలో రాసే ట్రాన్స్‌పోర్ట్ ఫైల్ చూపించండి. ఆ ఫైల్‌లో ఒకే వరుస: ఎడమవైపు ఫార్మసీ డొమైన్, ఖాళీ వదిలి ఎస్‌ఎమ్‌టీపీ, కోలన్, తర్వాత చదరపు బ్రాకెట్లలో 192.168.1.20. బ్రాకెట్లు మర్చిపోవద్దు, "ఎంఎక్స్ వెతక్కు, నేరుగా ఇక్కడికే వెళ్లు" అని చెప్పేవి అవే. తర్వాత ఆ ఫైల్ నుంచి డీబీ ఫైల్ తయారుచేసే పోస్ట్‌మ్యాప్ కమాండ్, ఆపైన రీలోడ్.
ఫార్మసీ సర్వర్‌లో కూడా ఇలాగే డిగ్రీ డొమైన్‌కి 192.168.1.10 రాయండి, లేకపోతే అటు నుంచి రిప్లై ఇదే గోతిలో పడుతుంది. తీరిక దొరికాక ఫార్మసీ యూజర్ల పేర్లు డిగ్రీలో రిలే రెసిపియెంట్ మ్యాప్స్‌లో పెట్టండి. అది లేకపోతే లేని పేర్లకి వచ్చిన స్పామ్‌ని కూడా డిగ్రీ తీసేసుకుంటుంది, ఫార్మసీ వద్దన్నాక ఎవరో సంబంధం లేనివాళ్లకి తిప్పి పంపుతుంది.

రావిచెట్టు
ఒకటి గుర్తుంచుకోండి. ఈ హడావుడిలో మైనెట్‌వర్క్స్‌లో, అంటే మీ సర్వర్ ద్వారా మెయిల్ పంపనిచ్చే ఐపీల జాబితాలో, 192.168.1.0/24 అని లోపలి నెట్‌వర్క్ మొత్తం రాసేయకండి, ఆ రెండు సర్వర్ల ఐపీలే రాయండి. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌కి వైరస్ పట్టినా మీ సర్వర్ ద్వారా స్పామ్ పోతుంది. నేను ఇదివరకు పనిచేసిన చోట సరిగ్గా ఇలాగే జరిగింది. ఐపీ బ్లాక్‌లిస్టులోకి వెళ్లింది, బయటపడేదాకా జీతాల స్లిప్పులు కూడా ప్రింటు తీసి పంచాం. అలాగే ఫార్మసీ సర్వర్‌లో ఎస్‌పీఎఫ్ చెక్ ఉంటే డిగ్రీ ఐపీని మినహాయించండి. బయటి మెయిల్ అంతా ఇప్పుడు దానికి 1.10 నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది, మంచి మెయిళ్లు కూడా ఫెయిల్ అవుతాయి.

క్యాంపస్_అడ్మిన్ (రాత్రి 12:55)
అన్నీ చేశాను. అయినా పోవట్లేదు. ఈసారి హోస్ట్ నాట్ ఫౌండ్ అంటోంది. మొదట బ్రాకెట్లు లేకుండా రాశాను, మీ పోస్టు మళ్లీ చదివి పెట్టాను, రీలోడ్ కూడా కొట్టాను. ఏడుపొస్తోంది.

గోదారిగట్టు
బ్రాకెట్లు పెట్టాక పోస్ట్‌మ్యాప్ మళ్లీ కొట్టారా? ట్రాన్స్‌పోర్ట్ ఫైల్ టైమ్, దాని పక్కనే ఉన్న డీబీ ఫైల్ టైమ్ రెండూ చూడండి.

క్యాంపస్_అడ్మిన్
ట్రాన్స్‌పోర్ట్ 12:41, డీబీ 12:19.

గోదారిగట్టు
పోస్ట్‌ఫిక్స్ చదివేది డీబీనే. ఇంకా పాత వరుసే చదువుతోంది. డీబీ పాతదైందని లాగ్‌లో వార్నింగ్ కూడా ఉంటుంది.

క్యాంపస్_అడ్మిన్
ఉంది. నేను ఎర్రర్ లైన్లే చూస్తున్నాను, వార్నింగ్‌లు వదిలేశాను. కొడుతున్నా.

క్యాంపస్_అడ్మిన్ (రాత్రి 1:08)
వెళ్లింది! 250, క్యూడ్ యాజ్ అని ఫార్మసీ సర్వర్ ఇచ్చిన క్యూ నంబరు వచ్చింది. సాయంత్రం టైమ్‌డ్ ఔట్ అయినవి కూడా వాటంతట అవే పోతాయా?

గోదారిగట్టు
అవి క్యూలో ఉంటాయి, మామూలుగా ఐదు రోజులు ఉంచుకుంటుంది. పోస్ట్‌క్యూ, డ్యాష్, ఎఫ్ కొడితే ఇప్పుడే పోతాయి. 550 వచ్చినవి మాత్రం క్యూలో ఉండవు, పంపినవాళ్లు మళ్లీ పంపుకోవాలి.

నీలిదీపం
డీఎన్‌ఎస్ పెట్టి ఉంటే ఈ పోస్ట్‌మ్యాప్ గొడవే ఉండేది కాదు.

తంతితపాలా
అప్పుడు డీఎన్‌ఎస్ రికార్డులుండే జోన్ ఫైల్‌లో, మార్చినప్పుడల్లా పెంచాల్సిన సీరియల్ నంబరు పెంచడం మర్చిపోయేవాళ్లం.

నీలిదీపం
అన్ని డీఎన్‌ఎస్ సర్వర్లకీ జోన్ ఫైల్ అక్కర్లేదండి. డీఎన్‌ఎస్‌మాస్క్ లాంటి చిన్న సర్వర్‌లో అయితే ఒక్క వరుసే.

క్యాంపస్_అడ్మిన్ (ఉదయం 10:20)
లిస్టు పోయింది, వాళ్లకి అందింది. అందరికీ థాంక్స్ అండి, పడుకోవాలి.

తంతితపాలా
సంతోషం. ఫార్మసీ సర్వర్‌లో డిగ్రీ వరుస రాశారా? అటు నుంచి ఒక రిప్లై పంపించి చూశారా?