హైదరాబాద్‌లో ఇల్లు ఆఫీసు పక్కనా, మెట్రో పక్కనా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల విజయవాడ నుంచి హైదరాబాద్ మారుతున్నాం. నా ఆఫీసు రాయదుర్గంలో. ఇంట్లో మా ఆయన, రెండో తరగతి చదివే పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య.

కొండాపూర్‌లో చూసిన డబుల్ బెడ్‌రూమ్ అద్దె 34 వేలు, మెయింటెనెన్స్ వేరే. ఆఫీసు దగ్గరే. కానీ ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు అద్దెకున్నవాళ్లే పంచుకోవాలట. బాల్కనీ తలుపు తీస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ చేతికి అందుతుంది. అత్తయ్య పగలంతా అక్కడే ఉండాలి, అదే నా బెంగ.

హబ్సిగూడలో 21 వేలకి గ్రౌండ్ ఫ్లోర్ దొరికింది. గుమ్మం ముందు వేపచెట్టు, అరుగు మీద సాయంత్రం కబుర్లాడుకునే పెద్దవాళ్లు. నాగోలు–రాయదుర్గం మెట్రో లైన్ మీదే కాబట్టి మధ్యలో రైలు మారక్కర్లేదు. నా మనసు ఇటే లాగుతోంది.

రోజూ ఆ లైన్‌లో వెళ్లేవాళ్లు చెప్పండి: ఉదయం రద్దీ తట్టుకోగలిగేంతే ఉంటుందా? ఇంటికొచ్చాక పిల్లలతో హోంవర్క్ చేయించే ఓపిక మిగులుతుందా? కొండాపూర్ వాళ్లూ, ఏప్రిల్, మే నెలల్లో మీకు నీళ్ల ఖర్చు ఎంతవుతోంది? ఆదివారంలోగా అడ్వాన్స్ ఇవ్వాలి, దయచేసి మీ అనుభవం రాయండి.